సైకిలుకు భత్యం, సెల్‌ఫోనుకు శూన్యం

గత సంచిక పాఠకులకు నాలుగు రోజులు ఆలస్యంగా చేరింది. అందుకు ముద్రణాలయం కారణం కాదు, కాగితం కొరత అంతకన్నా కాదు. సంపాదకుడు సెల్‌ఫోను మార్చుకొనవలసి రావడమే కారణం. చెప్పుకొనుటకు కొంత సిగ్గుగానే ఉన్నది. కాని ఇది ఒక్కరి గొడవ కాదు గనుక సభ్యుల ముందు ఉంచుతున్నాము.

ఐదేండ్ల క్రితం కొన్న ఫోను అది. తెర పగలలేదు. మాట స్పష్టంగానే వినిపిస్తున్నది. బ్యాటరీ మధ్యాహ్నం దాకా నిలుస్తున్నది. ఒక ఉదయం బ్యాంకు యాప్ తెరువబోగా, ఈ ఫోనులోని సాఫ్ట్‌వేరు పాతబడినదనీ, ఇకమీదట ఇందులో యాప్ పనిచేయదనీ తెరపై ఒక వాక్యం కనిపించింది. కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించుకొందామని చూస్తే, ఫోను తయారుచేసిన కంపెనీ ఆ మోడలుకు కొత్తవి ఇవ్వడం రెండేండ్ల క్రితమే మానివేసిందట. బ్యాంకు కంపెనీ వైపు చూపింది. కంపెనీ కొత్త మోడలు వైపు చూపింది. దుకాణంలోని కుర్రవాడు దానిని తాతల నాటి రాగిచెంబును తిప్పి చూసినట్లు చూసి, "ఇంకా ఇదే వాడుతున్నారా సార్?" అన్నాడు.

కొత్త ఫోను వెల 18,000 రూపాయలు. 2020 ఏప్రిల్ 1 నుండి సెల్‌ఫోన్లపై జీఎస్టీని 12 శాతం నుండి 18 శాతానికి పెంచిన సంగతి తెలిసినదే. ఈ వెలలో సుమారు 2,700 రూపాయలు ఆ పన్నే. పెట్టె తెరిస్తే ఛార్జరు లేదు. 2020 అక్టోబరులో ఐఫోన్ 12తో ఆపిల్ కంపెనీ ఈ ఆచారాన్ని ప్రారంభించింది, మరుసటి జనవరిలో శాంసంగ్ అనుసరించింది, తక్కినవారు వరుస కట్టారు. పర్యావరణ రక్షణ కొరకే పెట్టెలో ఛార్జరు పెట్టడం లేదని వారి వాదన. అదే ఛార్జరును పక్క బల్లపై విడిగా, మరొక పెట్టెలో పెట్టి అమ్ముతున్నప్పుడు పర్యావరణం ఏమైనదో చెప్పేవారు లేరు. పాత ఇయర్‌ఫోను తీగకు కొత్త ఫోనులో రంధ్రమే లేదు.

ఇక ఆ నాలుగు రోజుల కథ. పాత ఫోనులోని పేర్లలో సగం కొత్తదానిలోనికి వచ్చాయి, సగం రాలేదు. వచ్చిన సగంలో కొన్ని రెండేసి సార్లు వచ్చాయి. శాఖా కార్యదర్శులు వాట్సాప్‌లో పంపిన రెండేండ్ల నివేదికలు, అర్జీల ఛాయాచిత్రాలు భద్రపరచబోతే, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయినది, స్థలం కావలెనంటే నెల నెలా అద్దె కట్టుమన్నది. డబ్బు పంపే యాప్‌ను కొత్త ఫోనులో నమోదు చేయడానికి ఆ ఫోను నుండే ఎస్సెమ్మెస్ వెళ్లవలెను. మూడు సార్లు విఫలమై నాలుగవసారి వెళ్లింది. ఆ తరువాత మొదటి 24 గంటలలో 5,000 రూపాయలకు మించి పంపనీయదు. ముద్రణాలయం వారికి ఇవ్వవలసిన బయానా అక్కడ ఆగింది. తెలుగు కీబోర్డు మారిపోయి, పాత అలవాటు చొప్పున వేలు పెట్టినచోటల్లా వేరే అక్షరం పడింది. ఈ సంపాదకీయాన్ని కాగితంపై కలంతో రాస్తున్నాము.

మా సంగతి ఇంతటితో వదిలివేయవచ్చును. ఆలస్యమైనది ఒక పత్రిక మాత్రమే. మన సభ్యుల విషయం అట్లు కాదు. వారి ఫోను ఆగితే వారి డ్యూటీయే ఆగుతుంది.

రైల్వేలో 2020 ఆగస్టులో ఈ-పాస్ విధానం ప్రారంభమైన నాటి నుండి పాసు, పీటీవోల కొరకు ఉద్యోగి హెచ్ఆర్ఎంఎస్ యాప్‌ను ఆశ్రయించవలసి ఉన్నది. అందులోకి వెళ్లడానికి ఓటీపీ ఫోనుకే వస్తుంది. పట్టాల వెంట గస్తీ తిరిగే సోదరుడు తన బిడ్డ పెండ్లి ప్రయాణానికి పాసు కావాలన్నా గుమాస్తా బల్ల దగ్గర నిలబడి కాగితం ఇచ్చే రోజులు పోయాయి. తపాలా శాఖలో పోస్టుమన్ బట్వాడా చేసిన ప్రతి రిజిస్టర్డు వస్తువూ అక్కడికక్కడే యాప్‌లో నమోదు కావలెను. 2025 ఆగస్టు నాటికి సుమారు 1,64,000 పోస్టాఫీసులను కొత్త సాంకేతిక వ్యవస్థలోనికి మార్చారు. ఈ మార్పులు చెడ్డవని మేము అనడం లేదు. 1980 దశకంలో కంప్యూటర్లు వచ్చినప్పుడు మన సంఘాలలో కొన్ని తొందరపడి పూర్తిగా వ్యతిరేకించిన మాట వాస్తవమే. ఆ పొరపాటును మళ్లీ చేయనక్కరలేదు. మన ప్రశ్న వేరు. పనిముట్టు ఎవరిది? అది పాతబడినప్పుడు మార్చవలసిన బాధ్యత ఎవరిది?

గార్డుకు దీపం, ఎర్ర జెండా, పచ్చ జెండా రైల్వే ఇచ్చింది. 2022 జనవరిలో గార్డు పేరును ట్రైన్ మేనేజరుగా మార్చారు గాని, జెండాలు బజారులో కొనుక్కోమని ఎవరూ అనలేదు. పోస్టుమన్ సంచి శాఖదే, ముద్ర శాఖదే, ముద్రకు పూసే సిరా శాఖదే. సైకిలు ఉద్యోగిదైనచోట దాని పోషణకు భత్యం ఇచ్చారు. 7వ వేతన సంఘం ఆ సైకిలు భత్యాన్ని రద్దు చేయమని సిఫారసు చేసినప్పుడు, పోస్టుమెన్, ట్రాక్‌మెన్ పనిస్వభావాన్ని గుర్తించి, 2017 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం దానిని నిలుపుటయే గాక నెలకు 90 రూపాయల నుండి 180 రూపాయలకు పెంచింది. ఉద్యోగి సొంత వస్తువు శాఖ పనికి అరుగుతున్నదనీ, ఆ అరుగుదలకు శాఖ వెల కట్టవలెననీ ప్రభుత్వమే అంగీకరించిన సూత్రం ఇది. పంక్చరుకు వెల కట్టిన ప్రభుత్వానికి, పాతబడిన ఫోనుకు వెల కట్టడం తెలియదా?

తెలుసును. 2023 జూలైలో ఆర్థిక మంత్రిత్వశాఖ వ్యయ విభాగం జారీచేసిన ఉత్తరువును చూడండి. ఉప కార్యదర్శి, ఆపై హోదా గల అధికారులకు కార్యాలయ పని నిమిత్తం సెల్‌ఫోను, ట్యాబ్లెట్, ల్యాప్‌టాప్ వంటి పరికరాన్ని లక్ష రూపాయల వరకు, దానిపై పన్నులు అదనంగా, ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వవచ్చును. స్వదేశీ భాగం 40 శాతానికి మించితే పరిమితి 1,30,000 రూపాయలు. నాలుగేండ్లు గడిచిన తరువాత ఆ పరికరాన్ని అధికారి తన వద్దనే ఉంచుకొనవచ్చును. అధికారులకు ఇచ్చినందుకు మాకు అసూయ లేదు, ఇవ్వవలసినదే. అయితే ఆ ఉత్తరువులో ఒక సత్యం ఉన్నది: పరికరం ఆయువు నాలుగేండ్లని ప్రభుత్వమే లెక్క కట్టింది. గాలి చల్లని గదిలో బల్లపై ఉండే పరికరానికి నాలుగేండ్లయితే, ఎండలో, వానలో, సైకిలు హ్యాండిలుకు వేలాడే సంచిలో తిరిగే ఫోనుకు ఎన్నేండ్లు?

శాఖ అసలేమీ ఇవ్వలేదనడం న్యాయం కాదు. 2017 డిసెంబరులో దర్పణ్ పథకం ప్రారంభమై గ్రామీణ శాఖా పోస్టాఫీసులకు చేతి యంత్రాలు వచ్చాయి. 2018 సెప్టెంబరు 1న పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ప్రారంభమైనప్పుడు పోస్టుమెన్‌కు, గ్రామీణ డాక్ సేవకులకు ఫోనులు, వేలిముద్ర యంత్రాలు అందాయి. ఫోటోలు దిగారు, ఉపన్యాసాలు జరిగాయి. కాని సైకిలు ఇరువై ఏండ్లు తొక్కవచ్చును. 2018 నాటి ఫోనుపై నేటి యాప్ నడవదు. కొనిచ్చిన రోజు పండుగ చేసినవారు, మార్చవలసిన రోజు ఒకటి వస్తుందని ఏ కాగితంపైనా రాసుకొనలేదు. ఆ రోజు వచ్చేసరికి భారం చడీచప్పుడు లేకుండా ఉద్యోగి జేబులోనికి జారింది.

ఈ మధ్య పర్యటనలో ఒక శాఖా పోస్టుమాస్టరు సోదరి కలిసింది. పేరు, ఊరు రాయవద్దన్నది. ఫోను వాయిదాల మీద కొన్నది. ఎనిమిది వాయిదాలు కట్టింది, ఇంకా నాలుగున్నాయి. "అన్నా, ఉన్న ఫోను మాట్లాడుకోవడానికి బాగానే ఉండెను. దానికేమీ రోగం లేదు. ఆఫీసు పనికే చాలలేదు" అన్నది. పాతదానిని కూతురికి ఇచ్చిందట. కొత్త ఫోనులో లెక్క సరిగా ఎక్కక రెండు రోజులు ఆమె సాయంత్రం ఏడు దాకా కూర్చున్నది. ఆమె పని గంటలు నాలుగు. మిగిలిన గంటలను ఏ రిజిస్టరులో రాయవలెనో మాకూ తెలియలేదు.

ఫోనులు ఇంత త్వరగా ఎందుకు పాతబడుతున్నవి? విజ్ఞాన వేగం కొంత కారణం. లాభాపేక్ష మరికొంత. విద్యుద్దీపాలు చేసే పెద్ద కంపెనీలు 1924లో జెనీవాలో కూడి, ఫీబస్ అను పేర కూటమి కట్టి, బల్బు వెయ్యి గంటలకు మించి వెలుగరాదని ఒప్పందం చేసుకొన్నాయి; ఎక్కువ కాలం వెలిగే బల్బు చేసిన సభ్యునికి జరిమానా! నూరేండ్లు గడిచినా ఆ బుద్ధి మారలేదు. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేరు ద్వారా తగ్గించినట్లు 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకొన్నది. వాడకందార్లకు ఆ సంగతి చెప్పనందుకు 2020లో ఫ్రాన్సు రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించింది. ఐరోపా సమాజంలో 2025 జూన్ 20 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారం, ఒక మోడలు అమ్మకం ఆగిన తరువాత కూడ కనీసం ఐదేండ్లు సాఫ్ట్‌వేరు, ఏడేండ్లు విడిభాగాలు అందుబాటులో ఉంచవలెను. మన దేశంలో 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేరిట ప్రభుత్వం ఒక పోర్టల్ తెరిచింది. వస్తువు ఎంత సులువుగా బాగుచేయదగినదో సూచించే అంకెను పెట్టె మీద అచ్చువేయవలెనన్న ఆలోచనపై 2025లో కమిటీ నివేదిక కూడ అందింది. మన వీధి చివరి మరమ్మతు దుకాణంవాడు ఏ ఫోనునైనా విప్పగలడు, విడిభాగమే దొరకదు.

2025 నవంబరులో ఏర్పడిన 8వ వేతన సంఘానికి నివేదిక కొరకు 18 మాసాల గడువు ఇచ్చారు. అక్కడ మన వాదన సూటిగా ఉండవలెను. డ్యూటీ యాప్ నడవవలసిన పరికరం శాఖ ఇవ్వవలెను, నాలుగేండ్లకు మార్చవలెను. ఉద్యోగి సొంత ఫోను వాడుతున్నచోట, సైకిలుకు ఇచ్చిన సూత్రం మీదనే నెలసరి భత్యం ఇవ్వవలెను. యాప్‌కు కావలసిన సాఫ్ట్‌వేరు హద్దును పెంచబోయే ముందు ఆరు మాసాల నోటీసు ఉండవలెను. ఆ లోపల ఫోను లేదన్న కారణంతో ఎవరికీ గైరుహాజరు పడరాదు, సంజాయిషీ అడుగరాదు. ఫోను మార్పుకు పట్టిన కాలం డ్యూటీ కాలమే. గ్రామీణ డాక్ సేవకుల జీతభత్యాలను వేతన సంఘం గాక ప్రత్యేక కమిటీల ద్వారా తేల్చడం పరిపాటి. 2016లో నివేదిక ఇచ్చిన కమలేశ్ చంద్ర కమిటీ అటువంటిదే. కనుక వారి తరఫున ఇదే కోర్కెను విడిగా శాఖ ముందు పెట్టవలసి ఉన్నది. ఎక్కువ ఖర్చు, తక్కువ ఆదాయం వారిదే గనుక ముందు వారిదే పెట్టుదాము.

వాదనకు లెక్కలు కావలెను. శాఖా కార్యదర్శులు తమ సభ్యుల వద్ద నుండి ఈ వివరాలు సేకరించి పంపగలరు: ఫోను ఏ సంవత్సరం కొన్నారు, వెల ఎంత, డ్యూటీ నిమిత్తం ఏయే యాప్‌లు అందులో ఉన్నవి, పాత ఫోనును ఎందుకు వదలవలసి వచ్చింది, మార్పుకు ఎన్ని గంటలు పోయాయి, ఆ గంటలను హాజరులో ఎట్లు చూపారు. కాగితంపై రాసి పోస్టులో పంపితే మంచిది. రసీదు నకలు జతపరచండి. రసీదు పాత ఫోనులోనే ఉండి, ఆ ఫోను ఇక తెరుచుకొనకపోతే, ఆ మాటే రాసి సంతకం చేసి పంపండి.