ఖాళీ భూమి అనే పాత అబద్ధం

మన ఐటీ మిత్రుల నోట తరచుగా వినే వాదన ఒకటుంది. "అమెరికా చూడు బాస్, అడవులు కొట్టి, బీళ్లు దున్ని ఎక్కడికో వెళ్లిపోయారు. మనమేమో 1/70 చట్టం పెట్టుకుని ఆదిలాబాద్‌ని అలాగే పడుకోబెట్టాం." డాలస్ నుంచి సెలవుకొచ్చినాయన చెప్పినా, మాదాపూర్‌లో పక్క సీటాయన చెప్పినా డైలాగు ఇదే. మాది శ్రీరాంపూర్, మా బాపుది బొగ్గుబాయి పని. కాబట్టి నాలుగు ముక్కలు చెప్పక తప్పట్లేదు.

ముందు అమెరికా సంగతి. 1845లో టెక్సాస్‌ను కలుపుకునే గొడవ నడుస్తుండగా జాన్ ఓసల్లివన్ అనే సంపాదకుడు 'మానిఫెస్ట్ డెస్టినీ' అనే మాట వాడాడు. ఖండమంతా పరుచుకోవడం మాకు దేవుడు రాసిపెట్టిన రాత అని దానర్థం. దేవుడే రాసిచ్చాక అక్కడున్నవాళ్లని అడిగేదేముంది? 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల చొప్పున పంచారు. 1887లో డాస్ చట్టం తెచ్చి, తెగల ఉమ్మడి భూమిని ముక్కలు చేసి మనిషికింతని ఇచ్చి, మిగతాది 'అదనపు భూమి' అన్నారు. అప్పటికి దాదాపు 13.8 కోట్ల ఎకరాలున్న వాళ్ల భూమి 1934 నాటికి 4.8 కోట్లకు దిగింది. అందులో ఎక్కువ పోయింది తుపాకీతో కాదు, కాగితంతో.

ఇక మన జిల్లా. గోండులు కొన్నేళ్లు ఒకచోట సాగుచేసి, ఆ నేలను బీడు వదిలి ఇంకోచోటికి పోయేవాళ్లు. నేల తేరుకున్నాక మళ్లీ వచ్చేవాళ్లు. నిజాం అటవీశాఖ రిజర్వు ఫారెస్టు హద్దులు గీసినప్పుడు ఆ బీడు కాస్తా అడవి లెక్కలో కలిసిపోయింది. డేటాబేస్‌లో రికార్డు లేదు, కాబట్టి మనిషే లేడన్నట్టు! 1929లో కాజీపేట-బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక మైదానాల నుంచి రాకపోకలు పెరిగాయి. రైతులొచ్చారు, వడ్డీ వ్యాపారులొచ్చారు, పట్టాలు వాళ్ల పేరు మీదికెళ్లాయి. జల్, జంగల్, జమీన్ మాదేనన్న కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో తూటాలకు బలయ్యాడు. ఆ తర్వాతే సర్కారుకు మెలకువొచ్చి, ఏం జరిగిందో చూసి చెప్పమని హైమన్‌డార్ఫ్‌ని పంపింది.

మనవాళ్లు తిట్టే 1/70 అంటే 1959 నాటి రెగ్యులేషన్‌కు 1970లో వచ్చిన సవరణ. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది కాదని రుజువయ్యేదాకా గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకోవాలి అంటుందది. రుజువు భారం మనమీదే. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. డాస్ చట్టాన్ని తిరగేస్తే వచ్చేది ఇదే! చట్టమున్నా ఏమైంది? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకొచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో 13 మంది చనిపోయారు, హక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు.

"మా తాతలు చెమటోడ్చారండీ" అంటారు. ఓడ్చే ఉంటారు, కాదన్లేదు. 160 ఎకరాలు తీసుకున్న అమెరికా రైతూ ఓడ్చాడు. చెమటకు కూలి వస్తుంది గానీ పక్కోడి పొలం రాదు కదా.

ఇంకో తమాషా. మన నీళ్లు, మన నిధులు, మన నియామకాలు వేరేవాళ్లు తన్నుకుపోయారని 2014 దాకా కొట్లాడిన తెలంగాణోళ్లమే మనం. అదే మాట గోండు అంటే మాత్రం అభివృద్ధి నిరోధకుడా?

"సింగరేణి జీతం తిన్నోడివి, నువ్వా చెప్పేది?" అని అడిగేవాళ్లూ ఉంటారు. అవును, నా ఇంజనీరింగ్ ఫీజు ఆ నేల కింది బొగ్గులోంచే వచ్చింది. లాభపడ్డవాడే ముందు మాట్లాడాలి, ఆ నేల ఖాళీగా దొరకలేదని వాడికే బాగా తెలియాలి.

1/70 ఎత్తేయడం కాదు, సరిగ్గా అమలు చేయమని అడగాలి. అడ్డంగా ఉందనేవాళ్లు కనీసం ఎవరికి అడ్డమో చెప్పి మాట్లాడండి.