ఏకసంఘము – ఏకపంక్తి

బేగంబజారు అంగడిలో పసుపు తూచు వర్తకుడు కొనువాని కులమతముల నడుగడు. త్రాసునకు సరుకు బరువుతోడనే పని. ఆ బజారు విడిచి ఆబిడ్సు వైపునకు పోయినచో సెయింటు జార్జి దేవాలయమును, మెథడిస్టు దేవాలయమును, గన్‌ఫౌండ్రీ యొద్ద రోమను కథోలికుల సెయింటు జోసెఫు ప్రధానాలయమును కలవు. ఆదివారమున ఒకే ప్రభువును కొలుచువారు మూడు వాకిళ్ల దారి పట్టుదురు. ఈ వేర్పాటెట్లు పుట్టినది? ఇందు మనవారి పాలెంత?

ఈ గోడలు మన మట్టితో కట్టినవి కావు. 16వ శతాబ్దమున ఎనిమిదవ హెన్రీకిని పోపునకును కలిగిన వైరమునుండి ఆంగ్లికను శాఖయు, 18వ శతాబ్దమున వెస్లీ బోధనుండి మెథడిస్టు శాఖయు వెలసినవి. ఆ కలహములను మన పల్లెవారెరుగరు. మిషనరీలు సీమలను పంచుకొనిరి. అందుచేత సాధారణముగా మెదకువాడు వెస్లియను, దోర్నకల్లువాడు ఆంగ్లికను, గుంటూరువాడు లూథరను, ఒంగోలువాడు బాప్టిస్టు అయ్యెను. శాఖను నిర్ణయించినది విశ్వాసము కాదు, ఊరి పొలిమేర.

ఈ యసంగతమును లోకమునకు చూపినవారిలో వేదనాయకం శామ్యూలు అజరయ్య ముఖ్యుడు. తిరునల్వేలి సీమలో పుట్టిన యీ తమిళుడు 1912లో దోర్నకల్లు బిషప్పై, ఆంగ్లికను సంఘమున ఆ పదవినందిన మొదటి భారతీయుడయ్యెను. 1910లో ఎడింబరో మహాసభలో, మిషనరీలు ధనప్రాణముల నిచ్చిరిగాని స్నేహము నీయలేదని నిర్భయముగా పలికెను. 1919లో తరంగంబాడిలో ఆయనయు తోడివారును, ఈ చీలికలు బయటినుండి వచ్చినవేగాని తమవి కావని చాటి, ఐక్యమునకు పిలుపునిచ్చిరి.

ఇరువదియెనిమిది సంవత్సరముల చర్చ ఫలించి, స్వాతంత్ర్యము వచ్చిన ఆరువారములకు, 1947 సెప్టెంబరు 27న చెన్నపట్టణమున దక్షిణ ఇండియా సంఘమేర్పడెను. ఆంగ్లికనులు, బ్రిటిషు మెథడిస్టులు, ప్రెస్బిటీరియనులు, కాంగ్రిగేషనలులు ఒక్కటైరి. అజరయ్య దానిని చూడలేదు; 1945 జనవరి 1న కన్నుమూసెను.

అందరును అందు చేరలేదు. అమెరికను మెథడిస్టులు, లూథరనులు, బాప్టిస్టులు వేరుగనే నిలిచిరి. నంద్యాల సీమ ఆంగ్లికనులలో పెక్కురు 1975 వరకు చేరలేదు. వారిని నిందింపము. మనస్సాక్షిని అణచి తెచ్చిన ఐక్యము ఐక్యము కాదు. ఒక కప్పు క్రింద నుండుటయే ఒక కుటుంబమగుటయు కాదు.

మా బాధ మరియొకటి. హెన్రీ తెచ్చిన గోడ కూలినది. మన తాతలు కట్టిన గోడ నిలిచియున్నది. ఒకే పాత్రలోని ద్రాక్షారసమును పుచ్చుకొన్నవారు పెండ్లిమాట వచ్చినప్పుడు మాలయా, మాదిగయా, రెడ్డియా యని విచారింతురు. దక్షిణాదిని కొన్నిచోట్ల సమాధిస్థలములు సైతము వేరు. పదవులకొరకు, సంఘపు ఆస్తులకొరకు న్యాయస్థానముల మెట్లెక్కువారును కలరు. నాడు తరంగంబాడిలో దోషమును పరదేశములపై మోపుట న్యాయమే. నేడు ఎవరిపై మోపుదుము?

ఇది చదివి ఇతర మతస్థులు నవ్వవలసిన పనిలేదు. ఆ వ్యాధి మన యింటినుండియే వారికి అంటినది. దానిని మాన్పు బాధ్యత అందరిది.

క్రీస్తు తన శిష్యులందరును ఏకమై యుండవలెనని ప్రార్థించినట్లు యోహాను సువార్త చెప్పుచున్నది. ఆ ప్రార్థనకు ఉత్తరము సభా తీర్మానములతో వ్రాయబడదు. ఆసుపత్రిలో రోగి పడకయొద్ద, పాఠశాలలో బీదబిడ్డ ప్రక్కన, పెండ్లిపంక్తిలో, తుదకు శ్మశానమున అది వ్రాయబడవలెను. ఆరాధన రీతులు వేరైనను సేవ ఒకటి కావచ్చును. అందులకు ఏ మహాసభ అనుమతియు అక్కరలేదు. బజారులోని త్రాసు చూపు పాటి సమదృష్టి దేవుని బల్లయొద్ద కరవైనచో, ఆ లోపము బల్లది కాదు, దానిచుట్టు కూర్చున్నవారిది.