నర్సు మనసు నిలవాలంటే

ఆస్పత్రిలో మందు మారినా, ఇంజెక్షన్ ఆలస్యమైనా ముందుగా వచ్చే మాట ఒకటే: "సిస్టర్ ధ్యాస ఎక్కడ పెట్టుకుందో!" ఆ ధ్యాస నిలపడానికంటూ ఇప్పుడు నర్సులకు ధ్యాన శిక్షణలు వచ్చాయి. చేస్తున్న పని మీదే మనసు నిలిపే ఈ పద్ధతిని జాన్ కబట్-జిన్ 1979లో అమెరికాలోని ఒక వైద్య కళాశాలలో రోగుల కోసం మొదలుపెట్టాడు. దానివల్ల కొందరికి ఊరట కలుగుతుందంటే నేను కాదనను. కానీ సామాజికశాస్త్ర పరిశోధకురాలిగా నా ప్రశ్న వేరు. నర్సు ధ్యాసను చెదరగొడుతున్నది ఆమె మనసా, ఆమె పని పరిస్థితులా?

భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం బోధనాస్పత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. మన జనరల్ వార్డుల్లో రాత్రిపూట ఎంతమంది ఉంటున్నారో ఒకసారి లెక్కపెట్టి చూడండి. 2002లో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా ఆస్పత్రులపై చేసిన అధ్యయనం ప్రచురితమైంది. నర్సుకు ఒక్క రోగి అదనమైతే, ఆపరేషన్ అయినవారు 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం, నర్సు పూర్తిగా అలసి నిస్పృహ చెందే అవకాశం 23 శాతం పెరుగుతున్నాయని అందులో తేలింది.

సంఖ్య ఒక్కటే కాదు. ఎప్పుడు తీసేస్తారో తెలియని కాంట్రాక్టు ఉద్యోగం, నడుం వాల్చే చోటు లేని నైట్ డ్యూటీ, రోగి బంధువుల దూషణ, డ్యూటీ దిగేసరికి ఇంట్లో ఎదురుచూసే వంటా, పిల్లలూ - ఇవన్నీ మనసును ముక్కలు చేసేవే. భయం సంగతి చెప్పనే అక్కర్లేదు. 1973లో ముంబై కె.ఇ.ఎం. ఆస్పత్రిలో నర్సు అరుణా శాన్‌బాగ్‌పై అత్యాచారం చేసింది అక్కడి వార్డుబాయే. 2015లో ఆమె కన్నుమూసేదాకా 40 ఏళ్ళకు పైగా కంటికి రెప్పలా చూసుకున్నది అక్కడి నర్సులే. నర్సులకు ధ్యాస లేదనేవారికి ఇంతకంటే జవాబేం కావాలి?

వ్యవస్థ లోపాన్ని స్త్రీ మనసులోని లోపంగా చూపడం పితృస్వామ్యానికి పాత అలవాటే. వంటింట్లో ఉప్పు ఎక్కువైనా అదే మాట, వార్డులో మందు మారినా అదే మాట! ధ్యానం కావాలనుకునే నర్సుకు అది డ్యూటీ వేళల్లోనే దొరకాలి. అంతకంటే ముందు తగినంత మంది సిబ్బంది, విశ్రాంతి గది, ఉద్యోగ భద్రత, 2013 చట్టం ప్రకారం నిజంగా పనిచేసే ఫిర్యాదుల కమిటీ దొరకాలి.

నర్సు నిర్లక్ష్యం మీద విచారణ జరిగిన ప్రతిచోటా మన సంఘాలు వెళ్ళి మొదట అడగవలసింది ఇదే: ఆ రాత్రి ఆమె ఒక్కతే ఎంతమంది రోగుల్ని చూసుకుంటోంది?