ఊపిరాడని కారు అనే కట్టుకథ

టర్బో కారు బానెట్ ఎత్తగానే ఒక మూల కనిపించే నల్లటి ప్లాస్టిక్ ఎయిర్ ఫిల్టర్ పెట్టె మీద ఈమధ్య కుర్రకారుకు పగ పెరిగింది. కొత్త బండికి కొబ్బరికాయ కొట్టిన నెలలోపే ఆ పెట్టెను పీకేసి, దాని చోట ఎర్రటి కోన్ ఫిల్టరూ, మెరిసే అల్యూమినియం గొట్టమూ బిగించడం మొక్కుబడిగా మారింది. యాక్సెసరీ షాపులో వినబడే మాట ఒకటే: "కంపెనీ ఫిల్టర్‌తో ఇంజిన్‌కు ఊపిరాడదన్నా, అది తీసేస్తే పది హెచ్‌పీ గ్యారంటీ." విన్నవాడు తల ఊపుతాడు, ఫోన్ తీసి డబ్బు కొడతాడు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో ఈ మాటలో నిజం అంత.

టర్బో ఇంజిన్‌లో గాలి నడిచే దారి చూస్తే ఆ మాట ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. గ్రిల్ వెనక నుంచో, రేడియేటర్ పై అంచు నుంచో ఒక ప్లాస్టిక్ మూతి బయటి గాలిని తీసుకుంటుంది. పెట్టెలోని మడతల కాగితం దాన్ని వడకడుతుంది. ఆపైన ఎగ్జాస్ట్ టర్బైన్ తిప్పే కంప్రెసర్ చక్రం. చిన్న కార్లలో అది నిమిషానికి లక్ష చుట్లు దాటి, రెండు లక్షల దాకా కూడా తిరుగుతూ గాలిని నొక్కుతుంది. నొక్కుడుకు వేడెక్కిన గాలిని ఇంటర్‌కూలర్ చల్లార్చి సిలిండర్లకు అందిస్తుంది. ఎంత నొక్కాలన్నది మాత్రం ఫిల్టర్ చేతిలో లేదు, టర్బో చేతిలోనూ లేదు. అది ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ నిర్ణయం. మానిఫోల్డ్ పీడనాన్ని సెన్సర్‌తో చూసుకుంటూ, అనుకున్న అంకె రాగానే వేస్ట్‌గేట్ తెరిపిస్తుంది. మిగిలిన ఎగ్జాస్ట్ టర్బైన్‌ను తాకకుండా పక్కదారిన సైలెన్సర్‌కు పోతుంది.

ఫిల్టర్ దగ్గర అడ్డు తగ్గిస్తే జరిగేది ఇంతే: అదే పీడనానికి టర్బో కాస్త తక్కువ కష్టపడుతుంది, వేస్ట్‌గేట్ వెంట్రుకవాసి ఎక్కువ తెరుచుకుంటుంది. సిలిండర్లోకి పోయే గాలి మునుపు ఎంతో ఇప్పుడూ దాదాపు అంతే. పది గుర్రాలు ఎక్కడి నుంచి ఊడిపడాలి?

అసలు పలచటి గాలిని ఖాతరు చేయకపోవడమే టర్బోకు పేరు తెచ్చిన గుణం. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే అమెరికన్ ఇంజనీరు టర్బో తగిలించిన లిబర్టీ విమాన ఇంజిన్‌ను కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరానికి, సుమారు 14,000 అడుగుల ఎత్తుకు మోయించాడు. టర్బో లేకుండా ఆ ఎత్తులో చతికిలబడిన ఇంజిన్, టర్బోతో సముద్ర మట్టంలో ఇచ్చే శక్తినే ఇచ్చింది. అంత దూరం ఎందుకు, ఊటీ ఉంది. 2,240 మీటర్ల ఎత్తులో గాలి పీడనం మైదానంలో కన్నా దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. మామూలు పెట్రోలు కారు ఆ ఘాట్‌లో రొప్పుతుంది. టర్బో కారు ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది. ఇక శుభ్రంగా ఉన్న కంపెనీ ఫిల్టర్, పెట్టె, గొట్టం మూడూ కలిసి ఫుల్ యాక్సిలరేటర్ మీద పెట్టే పీడన నష్టం సాధారణంగా రెండు మూడు శాతం. నాలుగో వంతు లోటును మింగి ఊరుకునే యంత్రానికి రెండు శాతం దగ్గర ఊపిరాడదట!

డీజిల్ బండ్లకు కూడా ఈ వైద్యం చేయడం మరీ చోద్యం. డీజిల్‌లో శక్తిని తేల్చేది ఇంజెక్టర్ కొట్టే ఇంధనం. గాలి అవసరానికి మించే ఉంటుంది. స్విఫ్ట్ మొదలు ఎన్నో కంపెనీల కార్లలో తిరిగిన 1.3 లీటర్ల ఫియట్ మల్టీజెట్ ఇంజిన్‌కు సైతం కోన్‌లు తగిలించి, "పికప్ చూడు" అన్నవాళ్లు తెలుగు ఊళ్లలో తక్కువేం కాదు.

ఊపిరి మాటకు ఒకప్పుడు అర్థం ఉండేది, కాదనక్కర్లేదు. కార్బురేటర్ల కాలంలో అంబాసిడర్ ఫిల్టర్ మూసుకుపోతే పెట్రోలు పాలు ఎక్కువై నల్లపొగ వచ్చేది, మైలేజ్ పడిపోయేది. ఆ రోజుల సూత్రాన్నే ఇప్పుడు కంప్యూటర్ నడిపే ఇంజిన్‌కు అంటగడుతున్నారు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఇంజెక్షన్ పెట్రోలు కార్లకు కావాలనే మూసుకుపోయిన ఫిల్టర్లు పెట్టి పరీక్షించింది. పికప్ తగ్గింది కానీ మైలేజ్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మూసుకుపోయిన ఫిల్టరే మైలేజ్ తగ్గించలేనప్పుడు, బాగున్న ఫిల్టర్ పీకితే పెరిగేదేముంది? మైలేజ్ పెరుగుతుందన్న వాదన ఇక్కడితో సరి.

వేడి సంగతి ఇంకా ఘోరం. కోన్‌కు "కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్" అని పేరు. చవక రకాల్లో ఆ కోన్ ఉండేది రేడియేటర్ వెనక, టర్బో పక్కన, కుంపటి ముందు కూర్చున్నట్టు. రెంటచింతల ఎండలో బయట 45 డిగ్రీలు ఉంటే, సిగ్నల్ దగ్గర ఆగిన కారు బానెట్ కింద 60 దాటడం ఎంతసేపు? గాలిని వాతావరణ పీడనానికి రెట్టింపు నొక్కే మామూలు టర్బోకు 40 డిగ్రీల గాలి ఇస్తే సుమారు 140 డిగ్రీలై బయటికి వస్తుంది. 60 డిగ్రీల గాలి ఇస్తే 165. ఆ అదనపు వేడినీ ఇంటర్‌కూలరే మోయాలి. మోయలేకపోతే నాకింగ్ రాకుండా ఈసీయూ ఇగ్నిషన్‌ను వెనక్కి జరుపుతుంది, అంటే శక్తిని తనే కోసేస్తుంది. కంపెనీ వాళ్లు మూతిని గ్రిల్ దగ్గర పెట్టింది అందం కోసం కాదు. ఇక షాపులు చూపించే డైనో, అంటే శక్తిని కొలిచే యంత్రం, కాగితాల మాట. ఆ పరీక్ష బానెట్ బార్లా తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టి చేస్తారు. బానెట్ మూసి, విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో అరగంట నిలబెట్టాక తీసిన డైనో కాగితాన్ని ఏ షాపూ గోడకు అంటించదు.

మరి కోన్ పెట్టాక కారు చురుకైందని వందమంది ప్రమాణం చేస్తారెందుకు? మోత వల్ల. ఈ వ్యాపారం మొత్తం నిలబడింది మోత మీదే. కంపెనీ పెట్టె వడపోతతో పాటు చప్పుడు అణిచే పని కూడా చేస్తుంది. గొట్టం పక్కన ఖాళీ డబ్బాలాంటి అరలు కొన్ని ఉంటాయి, వాటిని రెజొనేటర్లంటారు. ఎంచుకున్న స్థాయిల శబ్దాన్ని మింగేలా వాటి కొలతలు తీస్తారు. అవి పోగానే టర్బో ఈల, కాలు తీసినప్పుడు వచ్చే "పుస్స్" మని నిట్టూర్పు, కంప్రెసర్ గాలి పీల్చే చప్పుడు అన్నీ నేరుగా చెవిలో పడతాయి. చెవి విన్నదాన్ని కాలు నమ్ముతుంది. తెలియకుండానే యాక్సిలరేటర్ మరింత లోతుకు పోతుంది, కారు నిజంగానే పరుగెత్తినట్టుంటుంది. బుల్లెట్ సైలెన్సర్ మార్చి వీధి కుక్కలను లేపినవాడి సుఖమూ ఇదే జాతి. పోలీసులు అలాంటి సైలెన్సర్లను వరసగా పరిచి రోడ్ రోలర్‌తో తొక్కించిన ఫొటోలు పేపర్లలో వచ్చినా ఆ సుఖం చావలేదు, కార్లలోకి దూరింది. చప్పుడు ఇష్టమని చెప్పి కొనుక్కుంటే ఎవరికీ పేచీ లేదు. పాటలపెట్టె కొన్నట్టే అనుకోవచ్చు. పాటలపెట్టెను గుర్రాల లెక్కన అమ్మడమే మోసం. ప్రతి ఫోన్‌లోనూ స్టాప్‌వాచ్ ఉంది. అదే రోడ్డు, అదే ఎండ, అదే బరువుతో మార్పుకు ముందూ తర్వాతా 40 నుంచి 100 వేగానికి పట్టే సమయం కొలవడం పది నిమిషాల పని. ప్రమాణం చేసే వందమందిలో ఆ పని చేసినవాణ్ని వెతకాలి.

చప్పుడు చెవికి తెలుస్తుంది, దుమ్ము తెలియదు. ఒక లీటరు పెట్రోలు కాలాలంటే తొమ్మిది, పది వేల లీటర్ల గాలి కావాలి. నలభై లీటర్ల ట్యాంకు ఖాళీ అయ్యేసరికి దాదాపు నాలుగు లక్షల లీటర్ల గాలి ఇంజిన్ గుండా పోతుంది. ఆ గాలి కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారిలోదైతే అందులో క్వార్ట్జ్ పొడి ఉంటుంది. క్వార్ట్జ్ సిలిండర్ ఇనుముకన్నా గట్టిది. మంచి కాగితం ఫిల్టర్ పరీక్ష దుమ్ములో 99 శాతం పైగా ఆపుతుంది. నూనె పూసిన నూలు ఫిల్టర్ ఎక్కువ గాలిని వదులుతుందంటే దాని రంధ్రాలు పెద్దవనే. గాలికి తెరిచిన తలుపు దుమ్ముకు మూసుకోదు. దాటిపోయిన పొడి మొదట కంప్రెసర్ రెక్కల అంచులు కొరుకుతుంది, తర్వాత రింగులు, బోరు అరగదీస్తుంది. కంప్రెషన్ తగ్గి, ఆయిల్ తాగడం మొదలై, చివరికి "ఇంజిన్ బోరుకొచ్చింది" అని మెకానిక్ చెప్పే రోజుకు కోన్ బిగించిన షాపు బోర్డు మారిపోయి ఉంటుంది. ఉతికాక నూనె ఎక్కువ పూస్తే అది ఎయిర్‌ఫ్లో సెన్సర్ తీగ మీద అంటుకుని తప్పు లెక్క చూపించడం అదనం.

ఈ విషయంలో ట్రాక్టర్ రైతు నయం. దుక్కి దుమ్ములో పనిచేసే ఇంజిన్‌కు గాలికన్నా ముందు వడపోత కావాలని అతనికి తెలుసు. ఆయిల్ బాత్ గిన్నెలో అడుగున పేరుకున్న బురద కళ్లారా చూస్తాడు. కారు యజమాని చూసేది ఫిల్టర్ రంగు. కొన్ని సర్వీస్ సెంటర్లూ తక్కువ తినలేదు: వచ్చిన ప్రతిసారీ కాగితం ఫిల్టర్‌ను ఎయిర్ గన్‌తో కొట్టి, మడతలకు కంటికి కనిపించని చిల్లులు చేసి, "క్లీన్ చేశాం సార్" అని బిల్లులో రాస్తారు. కొద్దిగా దుమ్ము పట్టిన కాగితం కొత్తదానికన్నా బాగా వడకడుతుంది. ఇది చెబితే నమ్మరు.

మూతిని కిందికి, బంపర్ లోపలికి దించే ఖరీదైన రకాలకు వేడి బాధ తక్కువే, నీళ్ల గండం ఎక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ వీధుల్లోకి వచ్చినప్పుడు ఎత్తున ఉన్న కంపెనీ మూతులే మునిగాయి. బంపర్‌లోని కోన్‌కు మోకాలి లోతు కూడా అక్కర్లేదు. సిలిండర్లోకి పోయిన నీరు నొక్కుడుకు లొంగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వారంటీ గురించి చెప్పేదేముంది, పేచీకి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

పెద్ద టర్బో వేసి, రీమ్యాప్ చేసి, శక్తిని ఒకటిన్నర రెట్లు చేసిన రేసు కారుకు పెద్ద ఇన్‌టేక్ కావాలి నిజమే. ఆ కారు ట్రాక్ మీద తిరుగుతుంది, ఇంజిన్ తరచూ విప్పుతారు. ఆఫీసుకూ అత్తగారింటికీ తిరిగే కారుకు ఆ లెక్క పనికిరాదు. నిజంగా శక్తి కావాలనుకున్నవారికి వేరే దారులున్నాయి, ట్యూనింగ్ తెలిసిన మనిషి దగ్గరికి పోవచ్చు. మిగతావారికి మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు, దుమ్ము దారులైతే ఇంకా ముందే, కొత్త కాగితం ఫిల్టర్ వేయడం చాలు.

ఇంతా చేసి, పీకేసిన ఆ నల్ల పెట్టెను పారేసినవాళ్లు అరుదు. అది గోనెసంచిలో చుట్టి అటక మీద భద్రంగా ఉంటుంది. కారు అమ్మకానికి పెట్టిన రోజున కిందికి దిగి, మళ్లీ తన చోట బిగుసుకుంటుంది.