గౌట్ వచ్చినవాణ్ణి వేళాకోళం చేయకండి

రాత్రి పడుకునేటప్పుడు కాలు బాగానే ఉంటుంది. రెండు, మూడు గంటల వేళ కాలి బొటనవేలి మొదట్లో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు నొప్పి వచ్చి మెలకువ వస్తుంది. తెల్లారేసరికి వేలు ఎర్రగా కందిపోయి, ఉబ్బిపోయి, ముట్టుకుంటే కాలిపోతూ ఉంటుంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినంత పనవుతుంది. ఆరు గంటల షిఫ్టుకు సేఫ్టీ బూట్లు వేసుకోవాలి. ఆ బూటులో ఆ కాలు పెట్టడం ఎలాంటి నరకమో అనుభవించినవాళ్లకే తెలుసు. ఈ నొప్పి పేరు గౌట్. జర్మన్లు గిష్ట్ అంటారు.

ఈ మాటలు రాస్తున్న మాలో ఇద్దరం కైసర్స్‌లౌటర్న్‌లో ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్లం. మిగిలినవాళ్లం వాళ్లతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లం, ఒకప్పుడు వాళ్లను చూసి నవ్వినవాళ్లం. అందుకే ఎవరికో నీతులు చెప్పడానికి కాకుండా, మేము చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నాం.

గౌట్ నొప్పి ఒక ఎత్తు, దాని మీద పడే మాటలు మరో ఎత్తు. "ఏరా, నిన్న ఎన్ని సీసాలు లాగించావు?" అని రూమ్మేటు. "మటన్ తగ్గించమంటే విన్నావా?" అని ఫోనులో అమ్మ. "మా తాతకు వచ్చింది ఇది, నీకు ముప్పై అయిదేళ్లకే వచ్చిందా అన్నా?" అని పనిలో తోటివాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఈ మాటలు పడలేక మనిషి జబ్బును దాచుకుంటాడు. కాలు బెణికిందంటాడు, మెట్ల మీద జారానంటాడు. దాచుకున్న జబ్బుకు వైద్యం ఉండదు.

మాలో ఒకరికి జరిగింది చెబుతాం. గోదాములో కొత్త ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్. ఓ ఆదివారం రాత్రి నొప్పి మొదలైంది. పొద్దున్న అడుగు కింద పెట్టలేకపోయాడు. డాక్టరు దగ్గరికి వెళితే సెలవు చీటీలో జబ్బు పేరు రాస్తారని, అది చూసి తాగుబోతు అనుకుంటారని భయపడ్డాడు. పనికి ఫోను చేయలేదు. ఊరి నుంచి తెచ్చుకున్న నొప్పి బిళ్లలు రెండు రోజులు మింగాడు. మూడోనాడు కుంటుకుంటూ వెళ్లాడు. అప్పటికే రెండు షిఫ్టులు చెప్పకుండా మానేసిన లెక్క. రెండు వారాల నోటీసుతో ఉద్యోగం పోయింది. అతని భయానికి ఆధారమే లేదని మాకు తర్వాత తెలిసింది. ఈ దేశంలో డాక్టరు ఇచ్చే ధ్రువీకరణలో యజమానికి చేరేది ఏ రోజు నుంచి ఏ రోజు వరకు పని చేయలేరన్నది మాత్రమే. జబ్బు పేరు వెళ్లదు.

ఇంత నష్టం ఎందుకు జరిగింది? గౌట్ అంటే ఏమిటో అతనికీ తెలియదు, చుట్టూ ఉన్న మాకూ తెలియదు.

జబ్బు ఏమిటి?

మన శరీరంలోనూ, తినే తిండిలోనూ ప్యూరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి అరిగి యూరిక్ యాసిడ్‌గా మారతాయి. ఎక్కువ భాగాన్ని కిడ్నీలు మూత్రంలో బయటికి పంపుతాయి. కిడ్నీలు చాలినంత పంపలేనప్పుడు అది రక్తంలో పేరుకుంటుంది. డెసిలీటరు రక్తంలో సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే ఇక కరిగి ఉండలేక కీళ్లలో సూదుల్లాంటి స్ఫటికాలుగా గడ్డకడుతుంది. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా చేరిన ఈ సూదుల మీదికి ఒకనాడు ఒంట్లోని రక్షక కణాలు దాడి చేస్తాయి. ఆ రాత్రి వచ్చే నొప్పి అదే. వారం, పది రోజుల్లో దానంతట అది తగ్గుతుంది. తగ్గింది కదా అని మరచిపోతాం. సూదులు మాత్రం లోపలే ఉంటాయి.

ఇది అరుదైన జబ్బు కూడా కాదు. 2020లో ప్రపంచమంతటా 5 కోట్ల 58 లక్షల మందికి గౌట్ ఉందని అంచనా. జర్మనీలో 2000-2005 మధ్య ఫ్యామిలీ డాక్టర్ల రికార్డులు చూస్తే నూటికి 1.4 మందికి ఉన్నట్టు తేలింది.

రాజుల జబ్బు అన్న పేరు దీనికి పాతది. చరక సంహిత దీన్ని వాతరక్తం అంటూనే, ఆఢ్యవాతం అన్న పేరూ చెప్పింది. అంటే కలిగినవాళ్ల వాతం అని. ఈ జర్మన్ నేలను ఏలిన చక్రవర్తి అయిదో చార్లెస్ గౌట్‌తోనే మంచాన పడ్డాడు. భద్రపరిచిన ఆయన వేలి ఎముకను పరీక్షించి, ఆ సంగతిని 2006లో శాస్త్రవేత్తలు నిర్ధారించారు. ఆ పేరు పట్టుకుని ఈనాటికీ మనం గౌట్ వచ్చినవాణ్ణి తిండిపోతు, తాగుబోతు అంటున్నాం. పన్నెండు గంటలు నిలబడి డబ్బాలు మోసేవాడు ఏ రాజ్యానికి రాజు?

తిండి మీద నింద ఎంత నిజం?

కొంత నిజం, చాలా అపోహ. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. మనిషికీ మనిషికీ యూరిక్ యాసిడ్ ఎందుకు తేడాగా ఉంటుందని యూరప్ సంతతి అమెరికన్లలో లెక్క కట్టారు. ఆహారపు అలవాట్లతో వివరించగలిగింది 0.3 శాతానికి మించలేదు. వంశపారంపర్యంగా వచ్చే జన్యువులతో దాదాపు 24 శాతం వివరించగలిగారు. అంటే ఒకే బల్ల మీద ఒకే కూర తిన్న ఇద్దరిలో ఒకడికి వచ్చి, ఒకడికి రాకపోవడానికి నాలుక కంటే పుట్టుక పెద్ద కారణం. దీనికి తోడు కిడ్నీ జబ్బు, అధిక బరువు, బీపీకి వాడే కొన్ని నీటి మాత్రలు కూడా యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి.

అలాగని తిండిని గాలికి వదిలేయమనడం లేదు. జబ్బు ఉన్నవాడికి నొప్పిని రేపే తిండి ఉంది. కాలేయం, బోటీ, వేటమాంసం, రొయ్యలు, నెత్తళ్లు మితం తప్పకూడదు. ఈ ప్రాంతపు లెబర్‌క్నోడెల్ కూడా కాలేయమే. బీరు అన్నిటికంటే చెడ్డది. ఆల్కహాల్ లేని బీరులోనూ ప్యూరిన్లు ఉంటాయి కనుక అది మందు కాదు కదా అని తాగితే లాభం లేదు. చక్కెర వేసిన కూల్‌డ్రింకులు కూడా యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. కఠిన ఉపవాసాలు, నీళ్లు తాగకుండా షిఫ్టంతా గడపడం కూడా నొప్పిని పిలుస్తాయి.

పప్పు సంగతి చెప్పాలి. గౌట్ అనగానే మన ఇళ్లలో ముందు మానిపించేది కందిపప్పు, పాలకూర, టమాటా. అమెరికాలో 47,150 మంది మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2004లో వెలువరించిన ఫలితాల్లో మాంసం, చేపలు గౌట్‌ను పెంచాయి. ప్యూరిన్లు ఉన్న పప్పుధాన్యాలు, కూరగాయలు పెంచలేదు. పాలు, పెరుగు, ముఖ్యంగా వెన్న తీసినవి, ఎక్కువ తీసుకున్నవాళ్లలో గౌట్ తగ్గింది. కాబట్టి కుంటుతూ ఇంటికి వచ్చినవాడికి పప్పన్నం, పెరుగన్నం పెట్టండి. ఏదీ తినొద్దని కడుపు మాడ్చకండి.

మందు ఉంది, మాట కావాలి

అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. గౌట్‌కు మంచి మందు ఉంది, అయినా చాలామంది నొప్పితోనే బతుకుతున్నారు. యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్ 1966 నుంచి వాడుకలో ఉంది. దాన్ని అందించిన జార్జ్ హిచింగ్స్, గెర్‌ట్రూడ్ ఎలియన్‌లకు 1988లో నోబెల్ బహుమతి పంచారు. హిచింగ్స్ హార్వర్డ్‌లో ప్యూరిన్ల మీద పరిశోధన చేసింది సైరస్ ఫిస్కే దగ్గర. మన ఎల్లాప్రగడ సుబ్బారావు పనిచేసింది కూడా ఆ ఫిస్కే దగ్గరే.

మందు రెండు రకాలని తెలుసుకోవాలి. నొప్పి వచ్చినప్పుడు ఆపేవి ఒక రకం, అంటే కోల్చిసిన్, ఇబుప్రోఫెన్ లాంటివి. నొప్పి మళ్లీ రాకుండా యూరిక్ యాసిడ్‌ను 6 కంటే తక్కువకు దించేవి రెండో రకం. మొదటివి మంట మీద నీళ్లు, రెండోవి మంటకు కారణమయ్యే కట్టెల్ని తీసేయడం. మనం మొదటివే మింగి ఊరుకుంటాం. ఊరి నుంచి స్ట్రిప్పులకు స్ట్రిప్పులు తెప్పించుకుని మింగే నొప్పి బిళ్లలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఉద్దానం పేరు తెలిసిన తెలుగువాళ్లకు కిడ్నీ పోతే ఇల్లు ఏమవుతుందో మేము చెప్పనక్కర్లేదు.

రెండో రకం మందులో ఒక చిక్కు ఉంది. మొదలుపెట్టిన తొలి నెలల్లో నొప్పి మళ్లీ రావచ్చు. పాత సూదులు కరగడం మొదలైనప్పుడు అలా జరుగుతుంది. అది తెలియక "ఈ మందు పడలేదు" అని చాలామంది ఆపేస్తారు. డాక్టర్లు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, కొన్ని నెలలు తోడుగా కోల్చిసిన్ ఇచ్చేది అందుకే. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం మందు ఆపి వెంటనే డాక్టరుకు చూపించాలి. నొప్పితో పాటు జ్వరం, వణుకు ఉంటే అది కీలులో చీము కావచ్చు, ఆ రోజే వెళ్లాలి.

జబ్బు గురించి మాట చెప్పడం ఎంత పని చేస్తుందో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో చూశారు. 517 మంది గౌట్ రోగులలో సగం మందికి నర్సులు జబ్బేమిటో ఓపికగా వివరించి, అపోహలు తీర్చి, మందు మోతాదు పెంచుతూ వచ్చారు. మిగిలిన సగం మంది మామూలుగా తమ డాక్టర్ల దగ్గరే చూపించుకున్నారు. 2018లో ఫలితాలు వెలువడ్డాయి. రెండేళ్ల తర్వాత నర్సుల దగ్గర ఉన్నవారిలో నూటికి 95 మందికి యూరిక్ యాసిడ్ అదుపులోకి వచ్చింది. రెండో వైపు నూటికి 30 మందికే వచ్చింది. అవే మందులు, అదే జబ్బు. అర్థమయ్యేలా చెప్పి, వదలకుండా వెంట ఉన్న మనిషే తేడా.

ఆ మనిషి మనకు ఇక్కడ తక్కువ. జర్మన్ రాదు, అపాయింట్‌మెంటు దొరకదు, దొరికినా పది నిమిషాలే. అందుకే ఆ లోటు మనమే కొంత తీర్చుకోవాలి.

పనిలో హక్కు

ఒంట్లో బాగోలేకపోతే షిఫ్టు మొదలయ్యేలోపే పనికి కబురు చేయండి. మూడు రోజులు మించితే నాలుగో రోజుకు డాక్టరు ధ్రువీకరణ తప్పనిసరి. యజమాని మొదటి రోజు నుంచే అడగవచ్చు కూడా, మీ కాంట్రాక్టు చూసుకోండి. 2023 జనవరి నుంచి ప్రభుత్వ బీమా ఉన్నవారి ధ్రువీకరణను యజమాని క్రాంకెన్‌కాసె నుంచి కంప్యూటర్‌లోనే తీసుకుంటాడు. మీరు డాక్టరు దగ్గరికి వెళ్లడం, పనికి చెప్పడం మాత్రం తప్పదు. ఉద్యోగంలో చేరి నాలుగు వారాలు నిండితే ఆరు వారాల వరకు జీతం యజమానే ఇవ్వాలి. ప్రొబేషన్‌లో ఉన్నా, ఏజెన్సీ ద్వారా పని చేస్తున్నా, మినీజాబ్ అయినా ఇదే చట్టం. ప్రొబేషన్‌లో ఉద్యోగం పోదని హామీ లేదు, నిజమే. కానీ చెప్పకుండా మానేసినవాడి తరఫున మాట్లాడటానికి ఎవరికీ ఏమీ మిగలదు. క్లినిక్‌లు మూసి ఉన్న వేళల్లో 116117కు ఫోను చేస్తే డ్యూటీ డాక్టరు ఎక్కడున్నారో చెబుతారు.

మేము కోరేది పెద్ద పనేమీ కాదు. రూమ్మేట్లు వేళాకోళం మాని, ఆ పూట కాలికి ఐసు, తాగడానికి నీళ్లు అందించండి. జర్మన్ వచ్చినవాళ్లు రానివాళ్లకు తోడుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. "హార్న్‌జాయ్‌రె ఎంత?" అన్న ఒక్క ప్రశ్న నేర్పండి, యూరిక్ యాసిడ్‌కు ఇక్కడి మాట అదే. నొప్పి సమయంలో ఆ పరీక్ష మామూలుగా రావచ్చు, తగ్గాక మళ్లీ చేయించుకోవాలని చెప్పండి. టీమ్ లీడర్లుగా ఎదిగిన తెలుగువాళ్లు, కుంటుతూ వచ్చిన కుర్రాణ్ణి అనుమానంగా చూడకుండా ఇంటికి పంపండి. ఉగాదికి, సంక్రాంతికి హాలు అద్దెకు తీసుకుని పాటలు పెట్టుకునే మనం, ఒక అరగంట ఒక డాక్టరుతో గౌట్, షుగర్, బీపీ గురించి మాట్లాడించలేమా?

ఉద్యోగం పోగొట్టుకున్న మావాడు ఇప్పుడు వేరే చోట పని చేస్తున్నాడు. రోజూ ఒక బిళ్ల వేసుకుంటాడు, ఆరు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకుంటాడు. ఏడాదిగా నొప్పి రాలేదు. మొన్న మా వంటింట్లో కొత్తగా వచ్చిన కుర్రాడొకడు కాలు పట్టుకుని "బెణికిందన్నా" అన్నాడు. అందరికంటే ముందు మావాడే కుర్చీ జరిపి, "షూ తీయి తమ్ముడూ, వేలు చూపించు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.