అరిగిన అంచు చెప్పే సాక్ష్యం

చెప్పులు కుట్టేవాని ముందు పాత చెప్పు పెడితే అతడు దాని పైభాగం చూడడు, తిరగవేసి అడుగు చూస్తాడు. మడమ లోపలి వైపు అరిగినదా, వెలుపలి వైపు అరిగినదా అని పరికించి, దానిని తొడిగిన మనిషి నడక ఎట్టిదో చెప్పగలడు. కారు టైరు కూడ అట్టిదే. ఆ వాహనం ఎట్లు నడిచినదో, ఏ గుంతలో పడినదో, యజమాని దానిని ఎంత శ్రద్ధతో చూచుకొన్నాడో ఆ అరుగుదలలో వ్రాసి ఉంటుంది. ఆ వ్రాతను చదవగలవారు మన మధ్యనే ఉన్నారు. వారి మాట వినేవారే తక్కువ. ఈ చిన్న వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే.

మా చిచ్చా, అనగా మా తండ్రిగారి తమ్ముడు, మేడ్చల్ దారిలోని ఒక టైర్ల దుకాణంలో పని చేస్తారు. సెలవు దినాలలో నేను కూడ అక్కడ చేతిసాయం చేస్తుంటాను. నాగపూర్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చల్ మీదుగాను, కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగాను సాగుతున్నవి. ఆ రెంటినీ కలుపుతూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు నగరాన్ని చుట్టి వస్తున్నది. కండ్లకోయ కూడలి వద్ద మిగిలిన ముక్క 2018లో తెరవబడినప్పుడు ఆ వలయం పూర్తి అయినది. 2023లో దానిపై గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్ల నుండి 120కి పెంచబడినది. ఇంతటి విశాలమైన బాట ముంగిట ఉండగా వేగపు కార్లు రాకుండా ఉంటాయా? ఆదివారం తెల్లవారుజామున వాటి రొద మా ఇంటికి కూడ వినబడుతుంది.

అట్టి ఒక ఆదివారం నాడు ఒక యువకుడు విదేశీ తయారీ కారులో దుకాణానికి వచ్చినాడు. నేలకు ఆనుకొన్నట్లుండే కారు, వెడల్పాటి టైర్లు. స్టీరింగు కొంచెం ఎడమకు లాగుతున్నది, గాలి చూడుమన్నాడు. చిచ్చా గాలి చూచి, కారును జాకీపై లేపి, వెనుక చక్రం లోపలి వైపున చేయి పెట్టినారు. వెంటనే చేయి వెనుకకు తీసుకొన్నారు. “సార్, మీరే వచ్చి చూడుండ్రి” అన్నారు. పైకి టైరు కొత్తదానివలెనే ఉన్నది, గాడులు లోతుగానే ఉన్నవి. లోపలి అంచున మాత్రం రబ్బరు పూర్తిగా పోయి ఇనుప తీగలు బయటపడినవి. “ఏడాది కాలేదు ఉస్తాద్, కొత్తవి వేయించి” అన్నాడా యువకుడు. చక్రాల పొందిక చూపించినారా అని అడిగితే, అవసరం లేదని అప్పుడు టైర్లు వేసినవారు చెప్పినారన్నాడు. అతడు ఔటర్ మీదుగా వచ్చినాడు. వెనుక సీటులో అతని చిన్న చెల్లెలు నిద్రపోతూ ఉన్నది.

ఇట్లు ఏల జరుగుతుంది? వేగపు కార్ల చక్రాలు పుట్టుకతోనే నిటారుగా ఉండవు. మలుపులో కారు వెలుపలికి ఒరిగినప్పుడు టైరు నేలను నిండుగా పట్టుకొనవలెనని, తయారీదారులే చక్రం పైభాగాన్ని లోపలికి ఒకటి రెండు డిగ్రీలు వంచి అమరుస్తారు. దీనిని క్యాంబర్ అంటారు. దీని వలన తిన్నని బాటలో బరువు లోపలి అంచుపై ఎక్కువగా పడుతుంది. అయినను క్యాంబర్ ఒక్కటే టైరును అంత త్వరగా తినివేయదు. దానికి ‘టో’ దోషం తోడైనప్పుడే ముప్పు. పై నుండి చూచినప్పుడు చక్రాల ముందు భాగాలు ఎంత దగ్గరగానో, ఎంత దూరంగానో ఉన్నవని చెప్పే కొలతయే టో. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కుడికి, ఒకటి ఎడమకు లాగితే బండి సాగుతుంది గాని ఎడ్ల మెడలు ఒరుసుకొనిపోతాయి. చక్రాల గతి కూడ అంతే.

లెక్క వేసి చూతము. ఒక చక్రం నడక దిశ నుండి కేవలం 0.1 డిగ్రీ పక్కకు తిరిగి ఉన్నదనుకొందాము. కంటికి అది కనబడదు. కాని త్రికోణమితి ప్రకారం ఆ చక్రం కిలోమీటరుకు సుమారు 1.75 మీటర్లు పక్కకు ఈడ్వబడుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఒక్కసారి చుట్టి వచ్చేసరికి ఆ ఈడ్పు దాదాపు 275 మీటర్లు. క్యాంబర్ వలన బరువంతా లోపలి అంచుపైనే ఉన్నప్పుడు ఆ ఈడ్పు భారం ఎవరు మోయవలె? ఆ అంచే మోయవలె.

ఈ చింత మోటారు కారు కంటె పాతది. గుర్రపు బండి మలుపు తిరిగేటప్పుడు చక్రాలు నేలను ఒరుసుకొనకుండ లోపలి చక్రం ఎక్కువగా తిరగవలెనన్న ఉపాయాన్ని మ్యూనిక్ నగరపు బండ్ల తయారీదారు లాంకెన్‌స్పర్గర్ కనిపెట్టగా, 1818లో ఇంగ్లండులో అకర్‌మన్ దానికి పేటెంటు పొందినాడు. ఇన్నేళ్ళ తరువాత కూడ మనము చక్రం తిరిగితే చాలుననుకొంటున్నాము.

మన బాటలు ఈ దోషాన్ని పెంచుతున్నవి. ఔటర్ నున్నగా ఉంటుంది. దాని నుండి దిగిన తరువాత రంగు వేయని స్పీడు బ్రేకరు, వానకు తెగిన తారు, మూత కుంగిన మ్యాన్‌హోలు ఎదురవుతాయి. వేగపు కారు టైరు వెడల్పు 255 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 35 శాతం అయినచో, నేలకును రిమ్ముకును నడుమ ఉన్న మెత్తదనం 90 మిల్లీమీటర్లు కూడ ఉండదు. గుంత దెబ్బ నేరుగా రిమ్ముకు, ఆర్మ్‌కు, బుష్‌లకు తగులుతుంది. కారు ఇంకను నేలకు దగ్గరగా ఉండవలెనన్న మోజుతో స్ప్రింగులు మార్పించేవారున్నారు. స్ప్రింగు కుదించిన నాడే క్యాంబర్, టో రెండును మారిపోతాయని వారెరుగరు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరాన ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు మన కుర్రవాళ్ళు ఆ కార్ల వంగిన చక్రాలను చూచి ముచ్చట పడినారు. పందెపు కారుకు ఆ వంపు ఉండవలసినదే. అది బాట మీదికి దిగిన ప్రతిసారి తిరిగి వచ్చేసరికి టైరును కొలిచి చూచేవారు సిద్ధంగా ఉంటారు. మన కారును కొలిచేదెవరు? వంపును అనుకరించి, కొలతను విడిచిపెట్టుట అవివేకం.

దోషం బయటపడినను పలువురు చేసేది టైరు మార్చుటయే. జ్వరం వచ్చినవానికి మందు ఇవ్వక దుప్పటి మార్చినట్లున్నది ఈ వైద్యం. కొందరు ముందు చక్రాలను మాత్రమే సరిచేయించి తృప్తి పడతారు. వెనుక చక్రాలు పక్కకు చూస్తుంటే కారు ఎండ్రకాయవలె ఓరగా నడుస్తుంది. ముందు టైర్లను వెనుకకు మార్చి అరుగుదలను సమం చేయుదమన్నను, ఇట్టి కార్లలో పెక్కింటికి వెనుక టైర్లు ముందువాటి కంటె వెడల్పైనవి కావున ఆ ఉపాయం కుదరదు. నాలుగు చక్రాలను కొలిపించుట ఒక్కటే మార్గం.

“ఇది ధనవంతుల బాధ, మనకెందుకు?” అని పాఠక మిత్రులు అడుగవచ్చును. బాట ధనవంతులది మాత్రమే కాదు. వేగం 60 నుండి 120కి పెరిగితే ఆగేందుకు పట్టే బ్రేకు దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఆ వేగంలో టైరు పగిలిన కారు పక్క వరుసలో పోయే కూరగాయల వ్యాను నడిపేవానిని ‘నీవెవరివి?’ అని అడిగి గుద్దదు. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటె తగ్గరాదని మోటారు వాహనాల నియమం చెబుతున్నది. కాని బయట నిలబడి చూచే తనిఖీదారునికి లోపలి అంచు కనబడదు. కనబడేది కారు కింద వెల్లకిల పడుకొని పని చేసేవానికే.

ఆ పడుకొనేవారెవరు? మన ఇండ్లవారే. పదవ తరగతికి ముందే బడి మానివేసి ఉస్తాద్ వద్ద షాగిర్ద్‌గా చేరిన అన్నదమ్ములు ఈ కళాశాలలో చదివే ఎందరికో ఉన్నారు. ఉర్దూలో ‘హునర్’ అనే ముచ్చటైన మాట ఉన్నది. ఆ హునర్ చేతిలో ఉన్నది, దాని లెక్క మన పుస్తకంలో ఉన్నది. ఈ రెండును ఒకదానినొకటి ఎరుగక పోవుట మన దౌర్భాగ్యం. నేను పరీక్షలో త్రికోణమితికి మంచి మార్కులు తెచ్చుకొన్నాను. కాని టో అంటే ఆ త్రికోణమే అని నాకు చెప్పినది కళాశాల కాదు, చిచ్చా చేయి.

కావున నా మనవి ఇది. కారు గలవారు చక్రాలను సరిచేయించినప్పుడు ముందరి కొలతలు, తరువాతి కొలతలు ఉన్న కాగితాన్ని అడిగి తీసుకొనవలెను. పెద్ద గుంతలో పడిన నాడు, స్ప్రింగు మార్చిన నాడు, కొత్త టైరు వేసిన నాడు తప్పక కొలిపించవలెను. లోపలి అంచు చూడక “అంతా బాగున్నది” అని దుకాణం వారు అనరాదు. మన కళాశాల వారు ఏడాదికి ఒకనాడైనను ఒక ఉస్తాద్‌ను పిలిపించి, భౌతికశాస్త్ర విద్యార్థుల ముందు మాట్లాడించవలెను.

ఆ ఆదివారం నాడు యువకుడు కారును అక్కడనే విడిచి, చెల్లెలిని లేపి, ఆటోలో ఇంటికి పోయినాడు. పోతూ చిచ్చాకు చేయి కలిపినాడు. చిచ్చా చేతికి నూనె మరకలున్నవని వెనుదీయలేదు. ఆ కరచాలనం అందరు ఉస్తాద్‌లకు దక్కవలెనని నా కోరిక.