అగ్గిపుల్లలతో బిగించిన వైరు, మా చేతుల్లో కట్టర్

పోస్టు కొంచెం పెద్దది. వేసవి పనులకి దిగే ముందు చదువుతారని ఇప్పుడే పెడుతున్నాం.

మా ఇళ్లలో కాలేజీ గుమ్మం ఎక్కిన మొదటివాళ్లం మేమే. సెలవులొస్తే ఊరికెళ్లి జీడిమామిడి తోటలో సాయం చేసేవాళ్లు కొందరు, విశాఖలో అపార్ట్‌మెంట్ పనులకి హెల్పర్లుగా పోయేవాళ్లు ఇంకొందరు. మెస్సు బకాయి, పరీక్ష ఫీజు, ఇంటికి కొంత... అన్నీ ఆ నలభై ఐదు రోజుల్లోనే తేలాలి. మేము రెండో రకం.

పోయిన వేసవిలో మాలో ఒకడికి టైల్స్ కట్టర్ షాక్ కొట్టింది. బాత్రూంలో తడి నేల మీద, చెప్పుల్లేని కాళ్లతో టైల్ కోస్తున్నాడు. దుమ్ము లేవకూడదని పక్కనుంచి మేమే నీళ్లు పోస్తున్నాం. ఒక్కసారిగా బిగుసుకుపోయాడు. వదలరా అంటే వదలడు. వదలకపోవడం వాడి చేతిలో లేదు, కరెంటుకి పిడికిలి బిగుసుకుపోతుంది. మేము పరిగెత్తి పట్టుకోబోయాం. ముసలి వడ్రంగి తాత ఒకాయన "ముట్టుకోకండ్రా!" అని కేకేసి స్విచ్ కట్టేశాడు. ఆ కేక లేకపోతే ఒకడి చెయ్యి పట్టుకుని ఒకడు, ముగ్గురం పోయేవాళ్లం. అరచెయ్యి కాలింది. కాలేజీ తెరిచాక వాడి రికార్డులు మేమే రాసిపెట్టాం.

మేస్త్రీ అన్న మాట మాత్రం ఇది: "చెప్పులేసుకోలేదు, నీదే తప్పు."

చెప్పులేసుకోకపోవడం తప్పే. కానీ ఆ కట్టర్‌కి ప్లగ్గే లేదు. ఎప్పుడో విరిగితే కోసేశారు. రెండు వైర్లు ఒలిచి సాకెట్ బొక్కల్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చారు. మూడో వైరు, ఆ ఆకుపచ్చది, మడిచి టేపు చుట్టేశారు. సిగ్గుపడాల్సింది ఏంటంటే, ఆకుపచ్చ వైరు ఎర్తింగ్ అని పదో తరగతిలో మేమందరం రాశాం, మార్కులూ తెచ్చుకున్నాం. సైట్లో అదే వైరు టేపులో కనిపిస్తే ఒక్కడికీ అనుమానం రాలేదు.

మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న పిన్ను మిగతా రెండింటి కంటే లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో చూడండి. పెట్టేటప్పుడు అదే ముందు తగలాలి, తీసేటప్పుడు అదే చివర వదలాలి. లోపల వైరు చెడి మిషన్ ఇనుప బాడీకి కరెంటు పాకితే, మన ఒంట్లోంచి కాకుండా ఆ దారిన భూమిలోకి పోవాలని. ఆ దారి మూసేస్తే మిగిలిన దారి మనమే. కొన్ని మిషన్లకి రెండు పిన్నులే వస్తాయి. పేరు రాసిన పట్టీ మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ మిషన్, దానికి ఎర్త్ అక్కర్లేదు. అది కూడా బాడీ పగలకుండా, తడవకుండా ఉన్నంతవరకే.

"ఎంసీబీ ఉంది, ఏం కాదు" అని సైట్లో అందరూ అంటారు. ఇక్కడే మోసపోతున్నాం. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి గుండె ఆగడానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు. ఎంసీబీ వైరు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పగానే కట్టేస్తుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే అదీ కాపాడలేదనుకోండి. అది పెట్టించడం మా మూడు నాలుగు రోజుల కూలి పాటి ఖర్చు. కట్టేవాడికి అదొక లెక్కా?

గ్రైండర్ సంగతి కూడా చెప్పాలి. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 సార్లు తిరుగుతుంది. పెద్ద డిస్క్ పట్టడానికి గార్డు పీకేస్తారు, చెక్క కోయడానికి పళ్ల బ్లేడు బిగిస్తారు. ఆ బ్లేడు చెక్కలో ఇరుక్కుంటే మిషనే మన మీదికి ఎగిరొస్తుంది. డిస్క్ మార్చేముందు స్విచ్ కట్టడం చాలదు, ప్లగ్ పీకాలి. పని మధ్యలో కరెంటు పోతే ముందు మిషన్ స్విచ్ ఆపాలి. లాక్ చేసి వదిలేస్తే, కరెంటు రాగానే నేల మీద దానంతటదే గిరగిరా తిరుగుతుంది. మేము చూశాం, అందరం నవ్వుకున్నాం కూడా. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

"అడిగితే రేపట్నుంచి రావొద్దంటాడు" అని కొందరన్నలు అంటారు. నిజమే, అంటాడు. ఒక్కడు అడిగితే అంటాడు. స్లాబు పనికి ఎనిమిది మంది కలిసి వెళ్లినప్పుడు, ప్లగ్గు లేని మిషన్ ముట్టుకోమని ఎనిమిది మందీ అంటే మధ్యాహ్నానికల్లా ప్లగ్గు వచ్చింది. బిర్యానీ పొట్లం ధర కూడా లేని వస్తువు అది.

ఇంకోటి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం, ఏడాదిలో 90 రోజులు పనిచేసిన వాళ్లకే నమోదు అని షరతు పెట్టింది. మేము చేసేది నలభై ఐదు రోజులు. అంటే వేలు తెగినా, చెయ్యి కాలినా మేము ఎవరి లెక్కలోనూ లేము. సైట్లో "స్టూడెంట్ కుర్రోళ్లు", కాలేజీలో "సెలవులో ఉన్నవాళ్లు". అందుకే మా హాస్టళ్లలో సెలవుల ముందు ఒక్క పూట, ఎలక్ట్రీషియన్ అన్ననొకర్ని పిలిచి ప్లగ్గు బిగించడం, షాక్ తగిలినవాణ్ణి ఎలా విడిపించాలి, ఛాతీ ఎలా నొక్కాలి అని నేర్పించమని వార్డెన్ గారిని అడుగుతున్నాం. ఐటీఐ చదివే తమ్ముళ్లు మా కంటే బాగా చెప్తారు, వాళ్లు ముందుకు రావాలి.

ఈసారి మేము పనికి పోయేటప్పుడు సంచిలో రెండు ప్లగ్ టాపులు, ఒక టెస్టర్, ఒక స్క్రూడ్రైవర్ పెట్టుకుంటున్నాం. మీ ఊరి పిల్లలెవరైనా ఈ వారం బయలుదేరుతుంటే కామెంట్లో చెప్పండి, వాళ్లకీ తెచ్చిపెడతాం.